గొంగడి ముక్క

నా మూడో కాన్పు అయిన చలికాలంలో నేను వేడినీళ్ళను నమ్మి చెడ్డాను. పాలమ్మే ఇంట్లో పుట్టి, పాలమ్మే ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. గిన్నె జిడ్డు పడితే మరిగే నీళ్ళు, వడపోత గుడ్డ పులిస్తే మరిగే నీళ్ళు, చేతికి పుండయితే మరిగే నీళ్ళు. లోకంలో ఏ కీడైనా సరే, కాగులో వేసి ఉడకబెడితే చస్తుందని నా నమ్మకం. ఆ తెలివితోటే ఆ ఏడు నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను.

అవి యుద్ధం రోజులు. యాకుత్‌పురా స్టేషన్ వెనక, పట్టాల పక్క సందులో మా ఇల్లు. రెండు గదులు, వాటిని ఆనుకుని నాలుగు బర్రెల కొట్టం. నేను పురుడు పోసుకున్న గదికీ కొట్టానికీ మధ్య ఒక్కటే మట్టిగోడ. గోడకు అవతల, బర్రెల పక్కనే, మా అత్త కాశమ్మ మంచం. ఆమె దగ్గితే నాకు వినబడేది, నేను నిట్టూరిస్తే ఆమెకు వినబడేది. అంత దగ్గర ఉండి కూడా ఆ చలికాలం సగం దాకా ఆమె నా గది గడప తొక్కలేదు.

అంతకుముందు నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు పదకొండో రోజున పోయాడు. రెండోవాడు రెండు నెలలు బతికి, శివరాత్రి ఇంకా నాలుగు రోజులు ఉందనగా పోయాడు. ఇద్దరినీ చలే తీసుకుపోయింది. పొద్దు వాలేసరికి పాదాలు చల్లబడేవి, తెల్లవారేసరికి ఒళ్ళంతా చల్లబడేది. అందుకే ఈసారి ఎనిమిదో నెలలోనే, మార్గశిరం నడిమధ్య నొప్పులు వస్తే నేను భయంతో ఏడ్చాను. ముందర ఇంకా రెండున్నర నెలల చలి ఉంది. నెలలు నిండిన పిల్లలే దాటలేదు, ఇది దాటుతుందా?

ఆడపిల్ల. రెండు చేతులతో ఎత్తుకుంటే ఒక చెయ్యి పని లేకుండా మిగిలిపోయేది. చెవులు మెత్తగా, మడత పడితే మడత పడినట్టే ఉండిపోయేవి. మంత్రసాని బొడ్డు కోసి, బయట ఉన్న అత్తను కేకేసింది.

"కాశమ్మా, ఆడివిల్ల. వచ్చి మొఖం సూడు."

వాకిట్లోంచి జవాబు వచ్చింది. "శివరాత్రి దాటనియ్యి. అప్పుడు సూస్త."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఇద్దరు మగపిల్లలు పుట్టినప్పుడు పరుగెత్తుకొచ్చిన మనిషి. దీపం ఎత్తి పట్టుకుని, వాళ్ళ మొహాల్లోకి ఎంతసేపో చూసి, బుగ్గలు పుణికిన మనిషి. ఇది ఆడపిల్ల కాబట్టి, అందులోనూ బతికే పిల్ల కాదు కాబట్టి ఆమెకు అక్కర్లేదన్నమాట. బాలింతకు కోపం మంచిది కాదంటారు కాని, ఆ కోపమే నన్ను కొన్ని రోజులు నిలబెట్టింది.

నాలుగో రోజు పొద్దున ఇస్సాకు తాత వచ్చాడు. మా సందు చివర రైలు గేటు వేసి తీసే పని ఆయనది. కిరస్తానీ మనిషి, ఒంటరివాడు. చిన్నప్పుడు అనాథల బడిలో దొరసాని దగ్గర అల్లిక నేర్చుకున్నాడట. గేటు మూసి రైలు కోసం చూసే సేపట్లో, అరగదీసిన రెండు సైకిలు పుల్లలతో ఏదో ఒకటి అల్లుతూ కూర్చునేవాడు. ఆయనకు రోజూ పాలు పోసే నా పెనిమిటి బాలనర్సింహ పిల్ల సంగతి చెప్పినట్టున్నాడు. గడప బయటే నిలబడి అడిగాడు.

"ఎట్లుంది బిడ్డా?"

"పాలు గుంజుతుంది తాతా. కాళ్ళే సల్లగుంటున్నయి."

"గోచిగుడ్డ ఎప్పుడు మారుస్తున్నవ్?"

"తడిసినప్పుడు."

"తడిసినట్టు నీకెప్పుడు తెలుస్తుంది?"

నేను కాస్త ఆలోచించి నిజమే చెప్పాను. "బొంత తడిసినంక."

"మరి గప్పటిదాక పోరి తడి బొంతల పన్నట్టే గద. సలి ఎక్కడికెళ్ళి వస్తుందని సూస్తున్నవ్ నువ్వు? తలుపు మూసుకున్నవ్, కిటికీకి గోనె కట్టినవ్. సలి కిందికెళ్ళి వస్తుంది బిడ్డా."

ఇద్దరు పిల్లలకూ నేను తలుపులే మూశాను.

ఆయన చంకలోంచి రెండు చిన్న అల్లిక ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు. ముదురు నీలం ఉన్ని. నడుముకో నాడా, తొడలకు చెరో నాడా. బొమ్మ చెడ్డీల్లా ఉన్నాయి. ఎక్కడో చూసిన రంగే అనుకుని తలెత్తితే ఆయన మెడ బోసిగా కనబడింది. ఏటా చలికాలమంతా ఆయన మెడకు చుట్టుకుని ఉండే మఫ్లర్ అది. యుద్ధంతో ఉన్ని అంతా పటాలానికే పోతోంది, దుకాణాల్లో ఒక్క ఉండ దొరకడం లేదు. అందుకని తన మఫ్లర్‌నే విప్పేశాడు.

"లోపల గోచిగుడ్డ, మీదికెళ్ళి గిది. తడిని ఉన్ని బయటికి పోనియ్యది. తడిసినా సల్లబడది. బొంత పొడిగుంటది" అని చెప్పాడు.

"దినానికెన్నిసార్లు ఉతకాలె తాతా?"

"ఉతుకుడే ఒద్దు. ఒకటి ఇప్పినంక కొయ్యకు తగిలియ్యి, గాలికి ఆరుతది. అది ఆరేదాక రెండోది. ఆరినంక ముక్కుకాడ పెట్టి సూడు, వాసన లేకుంటె మళ్ళ అదే ఎయ్యి. దొడ్డికి అంటుకుంటెనే సల్లనీళ్ళు, కుంకుడు రసం. మెలేసి పిండకు. తువ్వాలల పెట్టి ఒత్తు. ఎండల ఎయ్యకు."

మళ్ళీ జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. అందులో పసుపుపచ్చగా, జిగటగా ఏదో ఉంది. మూత తీయగానే గొర్రెల మంద దాటిపోయినట్టు గది నిండా వాసన.

"గొర్రె ఉన్నిల ఉండే కొవ్వు. ఎరికైన కాంపౌండరు ఇచ్చిండు. వారానికోసారి జెర కరిగిచ్చి, చేతితోటి ఉన్నికి పట్టియ్యి. తడిని ఆపేది గీ జిడ్డే. ఇంకొక్క మాట బిడ్డా, ఉడుకునీళ్ళు మాత్రం దానికి సూపియ్యకు."

బుద్ధిగా తలూపాను. తలూపడానికేం, ఎన్నిసార్లయినా ఊపొచ్చు.

ఉన్ని చెడ్డీలు నిజంగానే పనిచేశాయి. ఆ సాయంత్రం పాదాలు పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. నమ్మలేక మళ్ళీ మళ్ళీ పట్టుకుని చూశాను. బొంత పొడిగా ఉంది. లోపలి గోచిగుడ్డ పిండితే నీళ్ళు కారేలా ఉన్నా, పైన ఉన్ని ముట్టుకుంటే చెమ్మగా కూడా అనిపించలేదు. అప్పటి నుంచి నా రోజంతా ఆ రెండింటి చుట్టూ తిరిగింది. ఒకటి ఒంటి మీద, ఒకటి కొయ్య మీద. ఆరిందా అని బుగ్గకు ఆనించుకోవడం, వాసన చూడడం, వారం తిరిగితే కుంపటి పక్కన కొవ్వు కరిగించి వేళ్ళతో పట్టించడం. నాడాలు గట్టిగా కట్టానేమో అని భయం, వదులయ్యాయేమో అని భయం. నిద్రలో పిల్ల కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. కదిలితే ఎందుకు కదిలిందా అని లేచి కూర్చునేదాన్ని.

మొదటిసారి కొవ్వు పట్టించిన రోజు గోడ అవతల్నుంచి అత్త గొంతు వినిపించింది. "గొర్ల వాసనొస్తుంది. యాడిది?"

"ఇస్సాకు తాత ఇచ్చిన కొవ్వమ్మా. పోరి ఉన్ని చెడ్డీకి పట్టిస్తుంది" అన్నాడు బాలనర్సింహ.

పోయిన మా మామ బుచ్చయ్య పట్నం వచ్చి బర్రెలు కట్టుకోక ముందు ఊళ్ళో గొర్లు కాసేవాడు. ఆయన గొంగడి ఒకటి అత్త మంచం మీద ఎప్పుడూ మడత పెట్టి ఉండేది. ఎంత చలి అయినా కప్పుకునేది కాదు. తను పోయినప్పుడు మీద కప్పమని కొడుకుకు చెప్పి పెట్టింది. ఆ వాసన ఆమెకు ఏం గుర్తు చేసిందో అప్పుడు నేను ఆలోచించలేదు. రోజూ పొద్దు వాలే వేళకు ఆమె పిడకల నిప్పుల కుంపటి తెచ్చి, మొహం అటు తిప్పుకుని, కర్రతో గడప లోపలికి నెట్టి వెళ్ళిపోయేది. కొడుకును మాత్రం పొద్దున్నే, "పాలు తాగిందా?" అని అడిగేది. మంది ఏమనుకుంటారో అని అడుగుతోంది అనుకున్నాను. కోపం ఉన్న మనిషికి ఎదుటివాళ్ళు ఏం చేసినా తప్పే.

పుష్యమాసంలో చలి ముదిరింది. ఒకనాడు బట్టలు ఉతికే సత్తెమ్మ మూటతో పాటు కబురు కూడా మోసుకొచ్చింది.

"పురానాపూల్ కాడ ఎలుకలు పడ్డయంట ఆండాలూ. పిలేగు. ఇండ్లకు తాళాలేసి మంది బయట గుడిసెలేసుకుంటుండ్రు. మనకాడ గూడ ఒక్క ఎలుక పడ్డదంటే సర్కారోళ్ళు ఎల్లగొడ్తరు."

బయట గుడిసెలంటే తడికెల మధ్య, బయలు గాలిలో. ఈ పిల్ల అక్కడ ఒక్క పూట కూడా ఆగదు. రోగం వస్తే పోతుంది, రోగం రాకుండా పారిపోయినా పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం బాలనర్సింహ పాలకు పోయాడు, అత్త గడ్డికి పోయింది. నేను కొట్టంలోకి చెంబు కోసం వెళ్ళాను. బర్రె కాళ్ళ దగ్గర, గడ్డిలో ఎలుక చచ్చి పడి ఉంది.

తరవాత ఏం చేశానో నాకు సగమే గుర్తు. దాన్ని చేటతో ఎత్తి పెంటలో పూడ్చాను. పొయ్యి మీద పెద్ద కాగు పెట్టాను. కట్టెలన్నీ తోశాను. గదిలో పిల్లను ముట్టుకున్న ప్రతి గుడ్డ, గోచిగుడ్డలు, పొత్తిగుడ్డలు, తలకట్టు, నా రైక, అన్నీ లాగి కాగులో పడేశాను. కొయ్య మీద ఉన్న ఉన్ని చెడ్డీ చేతిలోకి వచ్చింది. ఇస్సాకు తాత మాట చెవిలో వినబడింది కూడా. కాని ఎలుక కళ్ళ ముందు ఉంది. ఉన్నిలో రోగం దాక్కుంటే? అది పిల్ల ఒంటికి రాత్రీ పగలూ అంటుకుని ఉండేది కదా? కొయ్య మీది దాన్ని వేశాను. పిల్ల ఒంటి మీదిదీ విప్పి వేశాను. కట్టెతో అటూ ఇటూ తిప్పాను. మా అమ్మ పాలగుడ్డ ఉడికించేటప్పుడు తిప్పినట్టే గట్టిగా తిప్పాను.

గుడ్డలన్నీ తెల్లగా వచ్చాయి. ఉన్నివి రెండూ కట్టె చివర పైకి వచ్చాయి. అవి నావేనా అని చూశాను. అరచేతిలో పట్టేంత అయ్యాయి. అల్లిక కన్నాలు ఒక్కటీ లేవు, అట్టముక్కలా బిరుసెక్కిపోయాయి. చన్నీళ్ళలో ముంచాను, లాగాను, మోకాలి మీద పెట్టి సాగదీశాను. దారం తెగింది కాని ఉన్ని సాగలేదు. ఒక కాలు పట్టే కన్నంలో నా బొటనవేలు దూరడం లేదు.

అప్పటికి ఎండ గోడ మీంచి దిగిపోతోంది.

ఉన్న గుడ్డలన్నీ ఇంకా తడే. ఆరిన పాత చీర చింపి నాలుగు మడతలు వేశాను. అరగంటలో తడిసింది. మార్చాను, మళ్ళీ తడిసింది. బొంత తడిసింది, నా చీర తడిసింది. పాదాలు పట్టుకుంటే తెలిసిన చల్లదనమే చేతికి తగిలింది. రెండుసార్లు నా చేతులు పట్టుకుని చూసిన చల్లదనం అది, నాకు కొత్త కాదు. గోళ్ళు నేరేడు రంగుకు తిరిగాయి. అప్పటిదాకా సన్నగా ఏడుస్తున్నది ఏడుపు ఆపేసింది. ఏడుస్తూ ఉంటే బాగుండును అనిపించింది.

బాలనర్సింహ పాలడబ్బాలు దించి లోపలికి రాగానే, ఎలుక సంగతీ చెడ్డీల సంగతీ ఒకేసారి చెప్పేశాను. ఆయన పెంట దగ్గరికి వెళ్ళి, తవ్వి చూసి వచ్చాడు.

"బర్రె తొక్కిందే దాన్ని. నడుము ఇరిగి పేగులు ఎల్లినయి. పిలేగు లేదు, ఏం లేదు. సూడకుండనే పూడ్చినవా?"

చూడలేదు. చూసే ధైర్యం ఎక్కడిది? ఆయన నన్ను తిట్టలేదు. పిల్ల కాలు ఒకసారి పట్టుకుని చూసి, గేటు దగ్గరికి పరుగెత్తాడు.

ఇస్సాకు తాత మెడకు నూలు తువ్వాలు చుట్టుకుని, దగ్గుతూ వచ్చాడు. ఆ బిరుసు ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమాడు. నేను తల ఎత్తలేదు. ఆయన మఫ్లర్ కదా అది. చలికాలమంతా దగ్గుతూ నా బిడ్డకు ఇచ్చిన వెచ్చదనాన్ని ఒక్క పూటలో ఉడకబెట్టాను.

"పోనియ్యి బిడ్డా. భయపడ్డవ్, చేసినవ్" అన్నాడు. "నాకాడ ఇంక ఉన్ని లేదు. రేపు పొద్దున లష్కరు బజారుకు పోయి అడుగుత. ఇయ్యాల మాత్రం ఏడ దొరకది" అన్నాడు.

ఇవ్వాళ గట్టెక్కితే కదా రేపు. పిల్లను రొమ్ముకు అదుముకుని గోడకు ఆనుకున్నాను. గోడ అవతల మంచం కిర్రుమంది.

అత్త వచ్చింది. వీపు మా వైపు పెట్టి, కొంగు మొహం మీదికి లాక్కుని, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ లోపలికి వచ్చింది. ఇంకో రోజయితే నవ్వొచ్చేది. ఆమె చంకలో మామ గొంగడి ఉంది, చేతిలో బర్రెల వెంట్రుకలు తీసే పెద్ద కత్తెర ఉంది.

"పోరి నడుం నా చేతికియ్యి" అంది గోడ వైపే చూస్తూ.

నేను ఇచ్చాను. వెనక్కి చాచిన ఆ చెయ్యి పిల్ల నడుము చుట్టూ తిరిగింది, తొడ మీదికి వెళ్ళింది, పాదం దగ్గర ఆగింది. ఆగి, కాసేపు అక్కడే ఉండిపోయింది. పాదం ఎంత చల్లగా ఉందో ఆ వేళ్ళకు తెలిసింది. ఆమె గొంగడి మడత విప్పి, జానతో కొలిచి, కత్తెర పెట్టింది.

బాలనర్సింహ ముందుకు వచ్చాడు. "అమ్మా, అది బాపుది."

"బాపుదే. ఆయనకిప్పుడు సలి లేదు" అని కత్తిరించింది.

గొంగడి అంత తేలిగ్గా తెగదు. రెండు చేతులతో కత్తెర నొక్కుతూ, పళ్ళు బిగించి, ఒక మూల నుంచి మూడు కొసల ముక్క తీసింది. ఇస్సాకు తాత కుంపటి మీద కొవ్వు కరిగించి అందించాడు. దాన్ని ఆమె ఉన్నికి రెండు వైపులా పట్టించింది. పాలు పితికే చేతులు కదా, ఎక్కడ ఎంత ఒత్తాలో వాటికి తెలుసు. లోపల మెత్తని చీరపేలిక, పైన గొంగడి ముక్క, మూడు కొసలూ బొడ్డు కింద కలిపి నాడాతో కట్టింది. అంతా గోడను చూస్తూనే, తడుముకుంటూనే. తరవాత నేను పాడుచేసిన నీలం ముక్కలు అడిగి తీసుకుంది.

"ఇవి పారేస్తవా ఏంది? ఉడుకునీళ్ళు పోసి తొక్కితే ఉన్ని గిట్లనే మందమైతది. గొంగడి గిట్లనే గట్టిపడేది" అని, ఒక్కొక్కదాన్ని కత్తిరించి, రెండు పక్కలా కుట్టు వేసి, పిల్ల పాదాలకు తొడిగింది. సరిగ్గా సరిపోయాయి.

మిగిలిన గొంగడి భుజాల మీద కప్పుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని, పిల్లను తన రైక లోపలికి, కడుపు మీదికి తీసుకుంది. కదలలేదు. నేను మధ్య మధ్య పాలిచ్చి మళ్ళీ ఆమెకే అందించాను. గూట్లో దీపానికి చమురు అయిపోయింది. తెల్లవారుజామున మొదటి రైలుకు ఇస్సాకు తాత గేటు వేసిన చప్పుడు వినబడేసరికి పిల్ల ఏడ్చింది. గట్టిగా, ఆకలిగా ఏడ్చింది. నేను కాళ్ళు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. పట్టుకున్న చేతులు తీయలేకపోయాను.

"అత్తా, ఇంత చేసినవ్. ఒక్కపారి మొఖం చూడరాదా?" అన్నాను.

ఆమె గోడతో చెప్పినట్టు చెప్పింది.

"ఇద్దర్ని సూసిన పిల్లా. దీపం పెట్టుకోని మరీ సూసిన. మస్తు ముద్దుగున్నరు అని నోట్లెకెళ్ళి అన్న. ఇద్దరు పాయె. నా కండ్లు మంచియి గావు."

నెల రోజులుగా నేను ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి బర్రెల దగ్గరికి వెళ్ళి, పని ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ రోజు నుంచి పిల్ల పనులు ఇద్దరం చేశాం. ఆమె చూడకుండా చేసేది. గొంగడి నుంచి ఇంకో ముక్క కోసింది, ఒకటి ఆరేదాకా ఒకటి ఉండాలి కదా. వాసన చూసి ఇది ఇంకా పనికొస్తుంది, ఇది కడగాలి అని చెప్పేది. కుంకుడు రసంలో ముంచి, తువ్వాలులో పెట్టి ఒత్తేది. మాఘంలో అత్త తమ్ముడు ఊరి నుంచి వడికిన ఉన్ని తెస్తే, ఇస్సాకు తాత సంబరంగా పిల్లకు అల్లుతానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ముందు ఆయన మెడకు మఫ్లర్ అల్లుకోవాల్సిందేనని, అల్లుకునేదాకా పాలు పొయ్యొద్దని కొడుక్కి చెప్పింది.

శివరాత్రికి నాలుగు రోజుల ముందర, రెండోవాడు పోయిన తిథి వచ్చింది. అత్త పొద్దున్నుంచి పిల్లను దించలేదు. సాయంత్రం ఆమె తన చేతిని నా చేతి మీద పెట్టి, ఆ రెండింటినీ కలిపి పిల్ల పాదాల మీద పెట్టింది. వెచ్చగానే ఉన్నాయి. అయినా ఇద్దరం చేతులు తీయలేదు.

శివరాత్రి పొద్దున ఎండ వాకిట్లో పరుచుకుంది. నేను పిల్లకు నీళ్ళు పోసి, ఉత్త గోచిగుడ్డ మాత్రం కట్టాను. ఉన్ని లేకుండా బయటికి తేవడం అదే మొదలు. అత్త కొట్టం గుమ్మంలో కూర్చుని ఉంది, కళ్ళు నేల మీద. నేను పిల్లను ఆమె ఒళ్ళో పెట్టి, కాటుక భరిణె పక్కన పెట్టాను.

"శివరాత్రి వచ్చింది అత్తా."

"బుగ్గకు చుక్క పెట్టినవా?"

"పెట్టిన."

"పెద్దగ పెట్టు."

"నువ్వే పెట్టు. బర్రెలు అరుస్తున్నయి, పాలు పిండొస్త" అని, ఆమె ఏమైనా అనేలోపే చెంబు తీసుకుని కొట్టంలోకి పోయాను.

నాలుగు బర్రెలనూ పిండాను. కావాలనే నెమ్మదిగా పిండాను. వాకిట్లోంచి మాట లేదు, ఏడుపు లేదు. ఆ నిశ్శబ్దం నాకు మళ్ళీ భయం పుట్టించింది. నురుగు తొణుకుతున్న చెంబుతో బయటికి వచ్చాను.

భరిణె ఖాళీ అయింది. అత్త పది వేళ్ళూ నల్లగా ఉన్నాయి. పిల్ల రెండు బుగ్గల మీద, నుదుటి మీద, గడ్డం మీద, చెవుల వెనక, అరికాళ్ళలో, అరచేతుల్లో కాటుక. ఒక చుక్క పెట్టి చాలదనుకుని ఇంకోటి, అదీ చాలదనుకుని ఇంకోటి, మొహంలో చోటు అయిపోయేదాకా పెట్టింది. పెట్టి, తల వంచి, రెప్ప వేయకుండా పిల్లనే చూస్తోంది. రెండున్నర నెలల ఆకలి ఒక్కసారే తీర్చుకుంటోంది. నోరు మాత్రం గట్టిగా మూసుకుంది, ముద్దుగా ఉందన్న మాట ఎక్కడ బయటికి వస్తుందో అని.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "గిన్ని సుక్కలు పెడితె పోరి మొఖం ఎట్ల కనవడ్తది అత్తా?" అన్నాను.

ఆమె కళ్ళు ఎత్తలేదు.

"నాకు కనవడుతుంది" అంది.